గంజి పెట్టిన పుస్తకాలు

వనపర్తిలో పెద్ద గ్రంథాలయం పెడుతున్నారనీ, దాన్ని చూసుకోవడానికి పని తెలిసిన మనిషి కోసం వెతుకుతున్నారనీ విన్న నాటి నుంచి గద్వాలలో నాకు కాలు నిలవలేదు. పొద్దున పఠనమందిరం తలుపు తీసేవాణ్ణి, పత్రికలు బల్ల మీద పరిచేవాణ్ణి, లేచి వీథి చివరిదాకా పోయి వచ్చేవాణ్ణి. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. నా భార్య కిష్టమ్మ పోయినప్పటి నుంచి నాకు ఇదే తీరు. ఇంట్లో ఆమె కూర్చుని నేసిన మగ్గం గుంట అలాగే ఉంది. దాని మీద చెక్కలు పరిచాను గాని, ఆ గదిలో నడిచేటప్పుడు కాలు దానంతటదే చుట్టు తిరిగి పోయేది.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడు అది. మా సాలె కుటుంబాల్లో హైదరాబాదు వెళ్లి ఇంటరు దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. తిరిగి వచ్చాక పిల్లలకు చదువు చెప్పుకుంటూ ఉన్నాను. మా వీథి పెద్ద సాయన్న తన ఇంటి ముందుగది ఇచ్చి పఠనమందిరం పెట్టినప్పుడు దాన్ని చూసుకోమని నాకు అప్పగించారు. రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, గోడకు ఒక లాంతరు. పోయిన ఎండాకాలం బెజవాడ వెళ్లి గ్రంథపాలకుల తరగతుల్లో కూర్చున్నాను. పుస్తకాలను విషయాల వారీగా సర్దడం, ఒక్కో దానికి కార్డు రాయడం, చినిగిన పుటలకు అతుకు వేయడం అక్కడే నేర్చుకున్నాను. కాగితం దొరకని రోజులు కాబట్టి పట్టునూలు కట్టలతో వచ్చే అట్టలను కత్తిరించి కార్డులు చేసుకున్నాను. పుస్తకాలకే కాదు, మాసపత్రికల్లో వచ్చిన పనికొచ్చే వ్యాసాలకు కూడా రాశాను. వాటిని నేను తప్ప ఎవరూ ముట్టేవారు కాదు. వచ్చినవారు నన్నే అడిగేవారు. నేను పెట్టె దగ్గరికి పోయి కార్డు తీసి చూస్తుంటే, జ్ఞాపకం లేక వెతుకుతున్నాననుకుని నా మీద జాలిపడేవారు.

రెండు బీరువాలను ఎన్నిసార్లు సర్దుతాం? వనపర్తిలో గదుల నిండా పుస్తకాలున్నాయని, అన్నీ కుప్పలుగా పడి ఉన్నాయని విన్నాను. అర్జీ పెట్టాను. అక్కడ ఒక బడికి పెద్దపంతులైన సామ్యూల్ గారు ఆ కమిటీలో ఉన్నారు. గురువారం స్వయంగా వచ్చి నా పని చూస్తానని ఆయన నుంచి జవాబు వచ్చింది. చూసి నచ్చితే కమిటీకి చెబుతారు. నచ్చకపోతే నేను ఈ వీథిలోనే.

ఆ జవాబు జేబులో పెట్టుకుని బీరువాల ముందు నిలబడ్డాను. అరలు సగానికి పైగా ఖాళీ.

మా వీథిలో ఒక ఆచారం ఉంది. మగ్గం మీద నిలువు దారాల కొత్త పడుగు ఎక్కించిన రోజున ఇంట్లోకి అరువు వచ్చిన వస్తువు, ఆ పడుగంతా నేసి చీరలు దిగేదాకా గడప దాటకూడదు. చేట కావచ్చు, బిందె కావచ్చు. పఠనమందిరం పెట్టాక పుస్తకాలు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. ఇంట్లో ఒకరు చదువుతుంటే మగ్గం గుంటలో కూర్చున్నవారు వింటూ నేస్తారు. పడుగు ముందే అయిపోతే పుస్తకం ముగింపు తెలియకుండానే తిరిగి వచ్చేది. పుస్తకం ముందే అయిపోతే మళ్లీ మొదటి నుంచి చదివేవారు. బెజవాడలో చెప్పిన రెండు వారాల గడువును నేను చక్కగా రాసి గోడకు అంటించాను. దాన్ని కూడా అందరూ చదివి, బాగుందన్నారు.

సాయన్న దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. పడుగు మధ్యలో అడగడం బాగుండదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి ఇళ్లల్లో తానే చెప్పి చూస్తానన్నారు. పక్కన కండెలు చుడుతున్న జములమ్మ అత్త తల ఎత్తింది. ఆమె కిష్టమ్మకు పెద్దమ్మ. కిష్టమ్మ పోయాక కూడా నన్ను అల్లుడనే పిలుస్తుంది, అల్లుణ్ణి తిట్టే హక్కును కూడా వదులుకోలేదు.

"మా పుస్తకాలు గుంజుకొని పోయి వనపర్తోళ్లకు చూపిస్తవు, వాళ్లు నిన్ను గుంజుకొని పోతరు. మంచి బేరమే, అల్లుడా" అంది.

నేను నవ్వలేకపోయాను. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఇంకో పని మిగిలింది. ఊరూరూ తిప్పే పుస్తకాల పెట్టె ఒకటి చేతులు మారుతూ పోయి పాన్‌గల్‌లో ఉండిపోయింది. ఎవరినైనా పంపవచ్చు. కానీ గురువారం దాకా ఆ గదిలో కూర్చోవడం నా వల్ల కాదు. నేనే బయలుదేరాను. రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, బస్సులో వనపర్తి చేరి, అక్కడి నుంచి బండి మీద పాన్‌గల్ పోయేసరికి ఒళ్లంతా దుమ్ము. బస్సు వాడు మాత్రం నా ముఖం చూసి ఏమనుకున్నాడో, ఎండ తగలని వైపు కూర్చోబెట్టాడు.

పెట్టె బక్కయ్య అనే రైతు ఇంట్లో ఉంది. వేరుశనగ కాయ ఎండబోసిన వాకిట్లోనే నన్ను కూర్చోబెట్టి, జొన్నరొట్టె పెట్టి, పెట్టె మాట తప్ప అన్ని మాటలూ మాట్లాడాడు. వానల గురించి, పన్నుల గురించి, తన ఎద్దు మోకాలి వాపు గురించి. వాపు మీద పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంటే దాన్ని చదివించుకుని కట్టు కట్టాడట. ఎద్దు నడుస్తోంది. చివరికి పెట్టె తెచ్చాడు. అందులో ఒక పుస్తకం తక్కువైంది. బాలింతలకు, పసిపిల్లలకు సంబంధించినది. బక్కయ్య కోడలు భీమమ్మ కాన్పుకు పుట్టింటికి పెద్దమందడి పోతూ దాన్ని కూడా మూటలో పెట్టుకుని పోయిందట.

"తిరిగి అడగమంటవా?" అన్నాడు బక్కయ్య.

వద్దన్నాను. కార్డు మీద రాసుకుంటే సరిపోతుంది. ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు పెట్టెతో బయలుదేరి, వనపర్తి రోడ్డు స్టేషనులో ఇంకో రాత్రి గడిపి, బుధవారం తెల్లవారుజామున రైలెక్కాను. దారి పొడుగునా ఖాళీ అరలే కళ్ల ముందు కనిపించాయి. సాయన్న మాట ఎవరైనా విని ఉంటారా? పడుగు మధ్యలో పుస్తకం గడప దాటించడానికి ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది?

అందరూ ఒప్పుకున్నారు. వీథి మలుపు తిరగగానే ఆ సంగతి నాకు తెలిసింది.

పొద్దున ఎండలో వీథి పొడుగునా ఎవరిదో పడుగు చాచి ఉంది. దానికి గంజి పట్టించి కుంచెతో దువ్వడం మా వీథిలో రోజూ చూసేదే. దాని పక్కనే, గుంజకూ గుంజకూ మధ్య ఇంకో తాడు కట్టి ఉంది. ఆ తాడు మీద, బీరువాల్లో మిగిలినవాటితో సహా, నా పుస్తకాలన్నీ మధ్యకు తెరిచి, వీపు పైకి పెట్టి, ఆరవేసి ఉన్నాయి. గాలికి ఒక్క కాగితం కూడా కదలడం లేదు. గంజి వాసన.

జములమ్మ అత్త చేతిలో కుంచె ఉంది. ముఖం వెలిగిపోతోంది. ఆమె కోడలు చంద్రకళ గంజి కుండ పట్టుకుని వెనక నిలబడింది.

ఏం జరిగిందో అత్తే చెప్పింది. సాయన్న చెప్పగానే ఇళ్ల వాళ్లంతా పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. తీరా చూస్తే అంచులు మెత్తబడి, పుటలు నలిగి, రంగు చేతుల మరకలు పడి ఉన్నాయి. వనపర్తి నుంచి పెద్దమనిషి వస్తుంటే ఇలాంటివి ఎలా చూపిస్తాం? పైగా పడుగు మధ్యలో గడప దాటించారు. దానికేదైనా పరిహారం జరగాలి. కొత్త పడుగుకు చేసే మర్యాదే వీటికీ చేస్తే దోషం ఉండదని ఆడవాళ్లంతా కూర్చుని అనుకున్నారు. నూలు గంజి పడితే బలపడుతుంది, తెగదు. కాగితం మాత్రం నూలు కన్నా ఎక్కువా? అట్టలకే కాదు, బాగా నలిగిన వాటికి పుట పుటకూ పట్టించారు.

"చూడు, ఎట్ల గట్టిగైనయో" అంది.

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. నిజంగానే గట్టిగా ఉంది. పలకలా ఉంది. పుటలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఒకే చెక్క అయిపోయాయి. వేలుగోటితో అంచు లేపబోతే కాగితం పైపొర లేచి వచ్చింది, అక్షరాలతో సహా. దాన్ని మళ్లీ తాడు మీద పెట్టాను. నోటిదాకా వచ్చిన మాటకు నాకే భయం వేసి, లోపలికి పోయి, కార్డుల పెట్టె ముందు నిలబడ్డాను. వాటికి గంజి పెట్టలేదు. అవీ, నేను తెచ్చిన పాన్‌గల్ పెట్టే మిగిలాయి.

చంద్రకళ గుమ్మం దగ్గరికి వచ్చింది. వాళ్లింట్లో మగ్గం పక్కన కూర్చుని పైకి చదివేది ఆమే.

"తప్పు జేసినమా, అన్నా?"

అక్షరాల పొర అంటిన వేలుగోరు ఆమెకు చూపించాను. ఆమెకు అర్థమైంది. వెనకనే వచ్చిన అత్తకు కూడా అర్థమైంది. ఆమె ముఖం చూడటం కష్టమైంది. అంతలోనే కోపం తెచ్చుకుంది. ఆ కోపం నాకు కొంచెం తెరిపి ఇచ్చింది.

"నీ పుస్తకాలకు గంజి పడదని మాకెవ్వరు చెప్పిండ్రు? నువ్వు జెప్పినవా? గోడకు గడువు అంటిచ్చినవు, గంజి ముచ్చట అంటియ్యలేదు గద."

నేను చెప్పలేదు. బెజవాడ నుంచి వచ్చాక వీథిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. కార్డులు రాసుకున్నాను, అంతే. అది పట్టుకుని బాధపడే వ్యవధి లేదు. రేపు మనిషి వస్తున్నాడు.

బెజవాడలో మాకు నేర్పిన ముసలాయన ఒక మాట పదే పదే అనేవాడు: అంటుకున్న కాగితాన్ని బలంతో విడదీయకూడదు, అదే వదిలేదాకా కూర్చోవాలి. గంజి ఇంకా పూర్తిగా బిగియలేదు. ఎండలోంచి తీయాలి ముందు. పుస్తకాలన్నీ సాయన్న ఇంటి అరుగు మీది నీడకు చేర్చాం. చంద్రకళ వాళ్లింట్లో పట్టు ఉడకబెట్టే కాగును పొయ్యి మీద పెట్టింది. ఆవిరి మీద పుస్తకాన్ని తిప్పుతూ పట్టుకుంటే అంచు మెత్తబడుతుంది. అప్పుడు సన్నటి పుల్లను పుటల మధ్యకు పోనిచ్చి, మెల్లగా జరపాలి. విడిపోయిన చోట పాత బట్ట పేలిక పెట్టి, మడిచి, రోటిరాయి కింద బరువుకు ఉంచాలి. పుల్లల కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. సాయన్న అటక మీద నుంచి ఒక పాడైన అచ్చు తెచ్చి ఇచ్చారు. దారాలను వరుసలో ఉంచే ఆ అచ్చులోని పుల్లలు గోరు కన్నా పలచన.

మొదటి పుస్తకం విడిపోవడానికి చాలా పొద్దు పట్టింది. విడిపోయింది. రెండోదానికి మధ్యలో ఒక పుట పోయింది. అత్త కోపం మరిచిపోయి పక్కన కూర్చుని పేలికలు చింపి ఇస్తూ ఉంది. తన పెళ్లినాడు అప్పగింతలకు కూడా ఇంత మెల్లగా నడవలేదని గొణిగింది. చంద్రకళ ఆవిరి దగ్గర పుస్తకాలు తిప్పుతూ నవ్వింది. ఎండ అరుగు కిందికి జారింది. ఎవరో మజ్జిగ చెంబు నా పక్కన పెట్టి పోయారు. అది తాగుతున్నప్పుడు గమనించాను, పొద్దుటి నుంచి నేను ఒకే చోట కూర్చుని ఉన్నాను.

ఆ సమయంలో సామ్యూల్ గారు వచ్చారు.

గురువారం రావలసిన మనిషి బుధవారం మధ్యాహ్నమే దిగారు. పొట్టిగా, తెల్లటి కోటు, చంకలో గొడుగు. అరుగు మీద ఆవిరి, పేలికలు, రోటిరాళ్ల కింద పుస్తకాలు, మోచేతుల దాకా గంజి అంటిన నేను. ఆయన గొడుగు మూలకు ఆనించి, అందరికీ నమస్కారం పెట్టి, కమిటీ సమావేశం రేపటికి ముందుకు జరిగిందని చెప్పారు. అదే ఉద్యోగానికి హైదరాబాదు నుంచి ఇంకొకాయన కూడా వస్తున్నారు, ఆయన బి.ఏ. అందుకని ఈ రోజే చూసి సాయంత్రం రైలుకు తిరిగి పోవాలి.

లోపలికి తీసుకుపోయాను. పాన్‌గల్ పెట్టె, ఖాళీ బీరువాలు చూశారు. గోడ మీది గడువు చదివారు. కార్డుల పెట్టె దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. తర్వాత అడిగారు.

"నారికురుపు మీద మీ దగ్గర ఏమన్నా ఉందా? పరీక్షకు అడుగుతలేను. మా బడిల పిల్లలకు పుట్టింది. కాళ్ల నుంచి పురుగు బయటికొస్తుంటే కూర్చోలేరు, నిలబడలేరు."

కార్డు తీశాను. మంచినీళ్ల బావుల మీద ఒక చిన్న పుస్తకం. దాంట్లో ఈ సంగతి ఉంది. అది ఎక్కడుందో కూడా నాకు తెలుసు. అరుగు చివర, పెద్ద రోటిరాయి కింద. ఇంకా సగం కూడా వదలలేదు.

ఆ మాటే చెప్పాను. ఆయన బయటికి వచ్చి ఆ రాయి వైపు చూశారు. ఒక్క పుట తెరిచినా చాలు, చూసి రాసుకుంటానన్నారు. అత్త నా కన్నా ముందు లేచింది.

"తియ్యి, అల్లుడా. చినిగితే చినిగె. మా వల్లనే గదా గిట్లయ్యింది."

రాయి మీద చెయ్యి వేశాను. ఒక్కసారి లాగితే పుస్తకం తెరుచుకుంటుంది. ఆయనకు కావలసింది దొరుకుతుంది, నాకు కావలసింది కూడా దొరకవచ్చు. కానీ ఆ లాగడంలో పోయేది ఏ పుటో నాకు తెలియదు. పోయే పుటలోనే ఆ పిల్లలకు కావలసింది ఉండవచ్చు. చెయ్యి తీసేశాను. రేపు సందె దాకా ఇవ్వలేనని చెప్పాను.

ఆయన గొడుగు వైపు చూశారు. నేను మళ్లీ లోపలికి పోయి కార్డుల ముందు నిలబడ్డాను. నారికురుపు అన్న మాట కింద ఇంకేమన్నా రాశానేమో చూశాను. లేదు. బావుల కింద చూశాను. లేదు. నీళ్లు వడపోయడం కింద ఒక కార్డు ఉంది, పాత మాసపత్రికలో ఒక డాక్టరు రాసిన వ్యాసానికి. రాసిన సంగతే మరిచిపోయాను. పత్రికలకు ఆడవాళ్లు గంజి పెట్టలేదు. నలిగినవే గాని, మరీ పలచగా ఉన్నాయి, కుంచెకు ఆగవని వదిలేశారట. ఆ వ్యాసం తెచ్చి సామ్యూల్ గారి చేతిలో పెట్టాను.

ఆయన అరుగు మీద కూర్చుని మొత్తం చదివారు. మందపాటి బట్టలో వడగట్టిన నీళ్లే తాగాలనీ, పురుగు ఉన్న కాలితో ఎవరూ దిగుడుబావి మెట్లు దిగకూడదనీ రాసిన చోట రెండుసార్లు ఆగారు. దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకున్నారు. చంద్రకళ ఆయన పక్కన మజ్జిగ పెట్టింది. తాగి, అప్పుడు అడిగారు, పుస్తకాలకు ఏమైందని.

జరిగింది చెప్పాను. నేను చెబుతుంటే అత్త తల దించుకుంది. ఆయన ఆమె వైపు చూసి, తమ బడిలో పిల్లలు పుస్తకాల అట్టలు మెరవాలని ఆముదం రాస్తారని చెప్పారు. ఎలుకలు కూడా వాళ్ల చదువు చూసి సంతోషిస్తున్నాయట. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పూట ఆయన చేసిన మేలు అదే అనుకున్నాను. తర్వాత ఆయన నా వైపు తిరిగారు.

"శ్రీరాములు గారూ, మీరు నాతోని ఈ సాయంత్రం రైలుకు రావాలె. రేపు కమిటీ ముంగట మీరు లేకపోతే నేనెంత చెప్పినా వినరు. హైదరాబాదాయన ఎదురుగ కూర్చొని ఉంటడు. కార్డుల పెట్టె తెచ్చుకోండి."

ఎన్ని నెలలుగానో కూర్చోనివ్వని కోరిక ఎదురుగా వచ్చి రమ్మంటోంది. లేవలేకపోయాను. రాళ్ల కింద పుస్తకాలున్నాయి. పేలికలు తడిసినప్పుడల్లా మార్చాలి. మార్చకపోతే మళ్లీ బిగుసుకుంటాయి, ఇక ఎన్నటికీ తెరుచుకోవు. నేను పోతే వీటి గతి ఏమిటి? పోకపోతే నా గతి ఏమిటి? కూర్చున్న చోటే కూర్చుని ఒక పేలికను మడుస్తూ, విప్పుతూ ఉండిపోయాను.

"పో, అన్నా" అంది చంద్రకళ. "మేం చూసుకుంటం."

ఆమె నా పక్కకు వచ్చి కూర్చుని పుల్ల తీసుకుంది. ఆవిరి పట్టిన పుస్తకంలోకి దాన్ని పోనిచ్చింది. కొంచెం దూరం బాగానే పోయింది. తర్వాత మూల దగ్గర చిన్న చప్పుడు. చినిగింది. నేను చెయ్యి చాచబోయాను. కానీ ఆమె అప్పటికే ఆగిపోయింది. లాగలేదు. పుల్లను వెనక్కి తీసి, పుస్తకాన్ని మళ్లీ ఆవిరి మీదికి పట్టుకుని, ఓపికగా తిప్పుతూ కూర్చుంది. చినిగినప్పుడు ఆగడం. బెజవాడలో నేర్పినవాటిలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది అదే. నా చేతిలో ఎన్ని పుటలు పోతే వచ్చిందో.

మిగిలిన పొద్దంతా ఆమెకు చెప్పాను. ఏవి ముందు తీయాలి, పేలిక ఎప్పుడు మార్చాలి, పుటలు ఆరాక చినిగిన చోట పలచని బట్టతో అతుకు ఎలా వేయాలి. అతుకుకు పెట్టే జిగురులో కొంచెం మైలుతుత్తం, ఆ నీలం విషపు పొడి, కలపాలని, లేకపోతే గంజికి పురుగు పడుతుందని చెప్పాను. ఈసారి వీథిలో ఆడవాళ్లందరూ చుట్టూ నిలబడి విన్నారు. కార్డుల పెట్టె తాళం తీసి ఆమె ముందు పెట్టి, రేపు ఎవరన్నా వచ్చి ఏదన్నా అడిగితే ఎలా చూడాలో చూపించాను.

సామ్యూల్ గారు గొడుగు తీసుకున్నారు.

"పెట్టె తెస్తలేరా? కమిటీకి ఏం చూపిస్తరు?"

"అది ఇక్కడ పనిలో ఉంది" అన్నాను. "పొద్దున్నే మీ బీరువా ఒకటి తెరిపించండి. సమావేశం మొదలయ్యేలోపల ఒక అరకు కార్డులు రాసి చూపిస్తాను."

జములమ్మ అత్త రొట్టెల మూట నా చేతిలో పెట్టింది. పడుగు మధ్యలో పుస్తకాలనే గడప దాటించినవాళ్లం, నిన్ను దాటించడం ఎంతసేపని అంది. ముఖం పక్కకు తిప్పుకుంది.

రైలు కృష్ణ మీది వంతెన దాటేటప్పుడు ఎండిన గంజి నా వేళ్ల మీద పెళుసుగా పగిలి రాలుతోంది. ఇప్పటికి పేలికలు మార్చే సమయం అయింది. మార్చిందో లేదో. పెద్ద రాయి కిందిది మరిచిపోతుందేమో. స్టేషన్ వచ్చిన ప్రతిసారీ దిగి ఎదురు బండి పట్టుకోవాలనిపించింది. సామ్యూల్ గారు మూట విప్పి రొట్టె విరిచి సగం నాకు ఇచ్చారు. నేను ఎందుకు మాట్లాడటం లేదని ఆయన అడగలేదు.

మర్నాడు ఒక అరకు కార్డులు రాశాను. కమిటీ వాళ్లు నిలబడి చూశారు. పెద్ద ఉద్యోగం హైదరాబాదాయనకే ఇచ్చారు. నన్ను ఆయన కింద పెట్టుకున్నారు, కుప్పలు విప్పడానికి, చెదలు తిన్నవాటిని బాగుచేయడానికి. కొన్ని నెలలు చూసి ఆ తర్వాత సంగతి అన్నారు. ఒప్పుకున్నాను. హైదరాబాదాయన మంచివాడు. ఆయనకు కార్డులు నా కన్నా బాగా తెలుసు. జిగురు తెలియదు.

ఆ నెలాఖరులో సాయన్న చీరల మూటతో వనపర్తి వచ్చారు. అమ్ముకోవడం అయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చి, చంద్రకళ పంపిందని ఒక కాగితం ఇచ్చారు. అది ఉత్తరం కాదు. ఒక పాత పుస్తకంలోని పుట. మధ్యలో చినిగిన చోట పలచని బట్ట అతుకు. ఎదురు వెలుతురుకు పట్టుకుంటే తప్ప అతుకు ఎక్కడుందో తెలియడం లేదు. కింద మూల కొంచెం నీలంగా ఉంది.

పుస్తకాలు చాలామటుకు తెరుచుకున్నాయని సాయన్న చెప్పారు. కొన్ని తెరుచుకోలేదు. బావుల పుస్తకానికి మొదటి పుటలు పోయాయి, మిగతాది బాగుంది. తుత్తం ఎంత కలపాలో సరిగ్గా కనుక్కుని రమ్మందట, ఎక్కువైనట్లుందని. ఉన్నది కూడా అయిపోవచ్చిందట, గద్వాలలో దొరకడం లేదట.

"ఆ పిల్ల నన్ను గూడ లోపటికి రానిస్తలేదయ్యా. చేతులు కడుక్కొని రమ్మంటది. నా ఇల్లు, నా గది. పరేషాన్ జేస్తుంది" అన్నారు సాయన్న. ఫిర్యాదు చేస్తున్నట్టే అన్నారు గాని, గొంతులో గొప్ప దాచుకోలేకపోయారు.

హైదరాబాదాయన ఆ పుటను నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి పోయి చూశారు. ఎవరు చేశారని అడిగారు. మా గద్వాల పఠనమందిరం గ్రంథపాలకురాలు అన్నాను. ఆ మాట ముందుగా అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. సాయన్న నా వైపు చూసి, తలపాగా సర్దుకున్నారు.

ఆయన బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. సెలవు అడిగి బజారుకు పోయాను. యుద్ధం రోజులు, మైలుతుత్తం ఎవరి దగ్గరా లేదు. దుకాణం తర్వాత దుకాణం తిరిగాను, గల్లీల్లోకి పోయాను, ఒక అద్దకం వాళ్ల ఇంటి ముందు నిలబడి బతిమాలాను. కొంచెం ఇచ్చారు. కాగితంలో పొట్లం కట్టి, పైన కొలత రాసి, బస్టాండుకు పరుగెత్తాను. సాయన్న అప్పటికే ఎక్కి కూర్చున్నారు. కిటికీలోంచి పొట్లం అందించి, తినేవాటితో కలపవద్దని చెప్పాను. ఆయన దాన్ని మిగిలిన చీరల మూటలో పెట్టబోయి, మళ్లీ ఆలోచించి, చేతిలోనే పట్టుకున్నారు.